నిలవ పెట్రోలు, నిలిచిపోయే పడవ

బస్తర్ పేరు వినగానే దట్టమైన అడవులు, బైలాడిలా ఇనుప ఖనిజం, చిత్రకోట్ జలపాతం స్ఫురణకు వస్తాయి. ఆ ప్రాంతం నదుల సీమ కూడా అన్న సంగతి వానకాలంలో గాని అనుభవానికి రాదు. ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూర్ పక్కగా ప్రవహించి, చిత్రకోట్ వద్ద సుమారు 29 మీటర్ల ఎత్తునుండి దూకి, బార్సూర్ మీదుగా పడమరకు సాగి, బీజాపూర్ జిల్లాలోని భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. కోరాపుట్ కొండలలో కొలాబ్ అన్న పేరుతో పుట్టిన శబరి సుక్మా, కోంటాల మీదుగా దక్షిణానికి వచ్చి కూనవరం వద్ద అదే గోదావరిని చేరుతుంది. బస్తర్‌లో కురిసిన వాన తెలుగునేలకు వరదై వస్తుంది. గోదావరి మితిమీరి పొంగినప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనుకకు ఎగదన్ని కోంటా పట్టణపు వీధులలోనికి ప్రవేశిస్తుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు జరిగినది ఇదే. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల వద్దనే జారీ అవుతుందని గుర్తుంచుకుంటే ఈ అంకెల తీవ్రత అర్థం కాగలదు.

ఇటువంటి రోజులలో ఇక్కడి జనజీవనం పడవమీద ఆధారపడుతుంది. ఇంద్రావతికి ఆవలి ఒడ్డున, అబూజ్‌మాడ్ కొండల అంచున ఉన్న పల్లెలకు తరతరాలుగా చెట్టు మానును తొలిచి చేసిన డోంగీలే దారి. ఛింద్‌నార్ వంటి చోట్ల వంతెనలు వచ్చి ఆ దూరం కొంత తగ్గినది. అయినప్పటికీ నదులు ఒకేసారి పొంగినప్పుడు వంతెన దాటిన తరువాతి వాగు వద్దనైనా బండి ఆగిపోక తప్పదు. 2025 ఆగస్టు చివరి వారంలో బస్తర్, దంతేవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలు వరద పాలైనప్పుడు ఈ సంగతి మరొకసారి రుజువైనది. వరద వేగానికి తెడ్డు చాలదు. అప్పుడు కావలసినది మరపడవ: వెనుక పలకకు బిగించిన పెట్రోలు మోటారు, తాడు లాగగానే అందుకోవలసిన ఇంజను.

చిక్కంతా ఆ ‘లాగగానే’ అన్న మాటలో ఉన్నది. వరద సహాయానికి ఉంచిన మరపడవ ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు గోదాములోనే ఉంటుంది. అక్టోబరులో కడిగి, మూలనుంచి, గుడ్డ కప్పిన ఇంజనును మరుసటి జూలైలో, అర్ధరాత్రి, వానలో, అవతలి ఒడ్డున మనుషులు ఎదురుచూస్తూ ఉండగా బయటకు తీస్తారు. తాడు పది సార్లు లాగినా, ఇరవై సార్లు లాగినా ఇంజను పలకదు. లేదా ఒడ్డున చక్కగా పలికి, నది నడుమకు పోయిన తరువాత ఆగిపోతుంది. ఈ రెండవది మొదటి దానికన్న ప్రమాదకరమని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంజను చెడిపోయినదని అందరూ అనుకుంటారు. కాని అక్టోబరులో బాగా నడిచి, అటుపిమ్మట ఎవరూ ముట్టని యంత్రంలో ఇనుము దానంతట అది అరిగిపోదు. ఆ తొమ్మిది నెలలలో మారినది అందులోని ఇంధనం. కనుక చాలాకాలం ఊరకున్న ఇంజను మొరాయించినప్పుడు పానాలు తీసి ఇంజనును విప్పడానికి ముందు ట్యాంకులో ఏమున్నదో చూడాలి.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలికగా ఆవిరయ్యేవి, ఆలస్యంగా ఆవిరయ్యేవి అయిన అనేక ద్రవాల మిశ్రమం. చల్లని ఇంజను అందుకోవడానికి తోడ్పడేది అందులోని తేలిక భాగమే. బస్తర్ వేసవిలో రేకుల కప్పు కింద ఉంచిన ట్యాంకు పగలంతా కాగుతుంది. గాలి రంధ్రం తెరచి ఉన్నట్లయితే ఆ తేలిక భాగం కొద్ది వారాలలోనే ఎగిరిపోతుంది. మిగిలిన పెట్రోలు నిప్పు తగిలితే మండుతుంది కాబట్టి ‘పెట్రోలు బాగానే ఉన్నది’ అన్న భ్రమ కలుగుతుంది. కాని చల్లని సిలిండరులో అది కావలసినంత ఆవిరి కాదు. అదే సమయంలో గాలిలోని ప్రాణవాయువు సోకి పెట్రోలులో జిగురు పుడుతుంది. రంగు ముదురుతుంది, ఘాటైన వాసన పోయి పాత వార్నిషు వంటి పుల్లని వాసన వస్తుంది. ఈ జిగురు ట్యాంకులో చేసే హాని కొంచెమే. కార్బురేటరు గిన్నెలో మిగిలిన రెండు మూడు చెంచాల పెట్రోలు ఎండిపోయినప్పుడు మాత్రం వెంట్రుక దూరేటంత సన్నని రంధ్రాలను అది పూడ్చివేస్తుంది.

ఇది వేసవి నిలవ వలన కలిగే చెరుపు. వానకాలపు నిలవది మరొక తీరు. పాపికొండల విహారానికి వెళ్లే లాంచీలు వరద రోజులలో ఒడ్డుకు కట్టివేయబడతాయి. చిత్రకోట్ జలపాతం కింది మడుగులో యాత్రికులను తిప్పే పడవలు కూడ వానలకు ఆగిపోతాయి. అంటే వరద పడవ ఎండలకు విశ్రమిస్తే విహారపు పడవ వానలకు విశ్రమిస్తుందన్నమాట. మొదటి దాని ఇంధనంలో జిగురును, రెండవ దానిలో నీటిని ముందుగా అనుమానించాలి. ఒకే మెకానిక్కు రెండింటినీ బాగుచేసేవాడైతే ఈ తేడా తెలిసి ఉండడం వలన సగం శ్రమ తప్పుతుంది.

నీటి విషయం కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా నేటి పెట్రోలు పాత పెట్రోలు కాదు. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు, అనగా చెరకు మడ్డి, ధాన్యం మొదలైన వాటినుండి తీసిన సారాయి వంటి ద్రవాన్ని కలిపే పథకం 2003లో కొన్ని రాష్ట్రాలలో 5 శాతంతో ఆరంభమైనది. 2022 జూన్ నాటికి దేశవ్యాప్తంగా సగటున 10 శాతానికి చేరినది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం మిశ్రమం కొన్ని బంకులలో అమ్మకానికి వచ్చి, 2025 నాటికి సర్వత్రా వ్యాపించినది. దిగుమతుల భారం తగ్గించడం, రైతుకు గిట్టుబాటు కల్పించడం ఈ పథకపు ఉద్దేశాలు. ప్రతిదినం తిరిగే మోటారు సైకిలులో ఈ పెట్రోలు నిలవ ఉండే వ్యవధి లేదు గనుక అక్కడ నీటి సమస్య దాదాపు రాదు. తొమ్మిది నెలలు నిలవ ఉండే పడవ ట్యాంకులో మాత్రం కథ మారుతుంది.

పెట్రోలుకు నీటికి పొత్తు కుదరదు. ఇథనాలుకు రెండింటితోనూ స్నేహమే. కొద్దిపాటి నీరు చేరినప్పుడు ఇథనాలు దానిని తనలో కలుపుకొని పెట్రోలులో కరిగించి ఉంచుతుంది. ఇది ఒక విధంగా మేలే. కొంచెం తేమ ఇంజనులోనుండి మండి పోతుంది. కాని ఈ ఓర్పునకు హద్దున్నది. 10 శాతం మిశ్రమం 15 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు అర శాతం నీటిని మాత్రమే భరించగలదు. అనగా 20 లీటర్ల ట్యాంకులో 100 మిల్లీలీటర్లు, ఒక చిన్న టీ గ్లాసుడు. 20 శాతం మిశ్రమం మరికొంత ఎక్కువ భరిస్తుంది. వేడిమి పెరిగితే ఆ హద్దు పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. హద్దు దాటిన క్షణంలో ఇథనాలు పెట్రోలును విడిచి నీటి వెంట అడుగునకు దిగిపోతుంది. అప్పుడు ట్యాంకులో రెండు పొరలు ఏర్పడతాయి: పైన ఇథనాలును కోల్పోయి సత్తువ తగ్గిన పెట్రోలు, కింద నీరు కలిసిన ఇథనాలు. ఇంధనాన్ని పీల్చే గొట్టం మూతి ట్యాంకు అడుగునే ఉంటుంది. ఇంజనుకు మొదట అందేది ఆ కింది పొర.

మే నెలంతా కాగిన ట్యాంకుమీద జూన్‌లో తొలకరి జల్లు పడినప్పుడు ఏమవుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు. ట్యాంకు చల్లబడి లోపలి గాలి ముడుచుకొని, రంధ్రం ద్వారా బయటి తడిగాలి లోనికి వస్తుంది. పెట్రోలు నీటిని భరించే హద్దు సరిగ్గా అప్పుడే తగ్గుతుంది. నిజానికి గాలిలోని తేమకన్న మూత సందునుండి, అరిగిన వాషరునుండి కారే వాననీరే ఎక్కువ చెరుపు చేస్తుంది. వరదలో పడవకు పని పడే రోజులు, ట్యాంకులో పెట్రోలు విరిగిపోవడానికి అనువైన రోజులు ఈ విధంగా ఒకటే అవుతున్నవి.

రెండు స్ట్రోకుల మోటారుకు ఇందులో మరొక ముప్పున్నది. ఆ ఇంజనుకు వేరే నూనె గది లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనును, బేరింగులను తడుపుతుంది. నీరు కలిసిన ఇథనాలు ఈ నూనెను తనతో తీసుకుపోదు. కింది పొరతో ఇంజను ఎలాగో కొంతసేపు నడిచినదనుకుందాం. ఆ కొంతసేపూ అది నూనె లేకుండా నడిచినట్లే. పిస్టను పట్టివేయడానికి అది చాలు. కనుక విరిగిన పెట్రోలుతో ‘లాగి చూద్దాం, పోతే పోయె’ అనుకోవడం నష్టం లేని ప్రయత్నం కాదు.

ఈ అనర్థమంతా కనిపెట్టడానికి కావలసిన పరికరం ఒక తెల్లని గాజు సీసా. ట్యాంకును కదపకుండా, అడుగునుండి సన్నని గొట్టంతో కొంత ఇంధనాన్ని సీసాలోనికి తీసి నిలకడగా ఉంచి చూడాలి. గొట్టాన్ని నోటితో పీల్చరాదు; చేతి పంపు వాడాలి. మంచి పెట్రోలు తేటగా, ఒకే రంగుగా ఉంటుంది. మబ్బుపట్టినట్లు మసకబారితే నీరు హద్దునకు చేరినదని, అడుగున గీత గీసినట్లు వేరొక పొర కనిపిస్తే హద్దు దాటినదని అర్థం. తేనె రంగు, పుల్లని వాసన జిగురునకు గుర్తులు. అడుగున ఎర్రని పొడి ఉంటే ట్యాంకు తుప్పుపట్టినది. నల్లని పేలికలు ఉంటే రబ్బరు గొట్టం లోపలినుండి కరుగుతున్నది. ఇథనాలును తట్టుకొనలేని పాత రబ్బరు విషయంలో ఇది తరచు జరిగేదే. నూనె కలపని పెట్రోలు అయితే మరొక పరీక్ష ఉన్నది. 100 గీతల గాజు గొట్టంలో 10 గీతల వరకు నీరు పోసి, మిగిలినది పెట్రోలుతో నింపి, బాగా కుదిపి నిలబెట్టాలి. 20 శాతం ఇథనాలు ఉన్న పెట్రోలు అయితే నీటి పొర 10 గీతలనుండి సుమారు 28 గీతలకు పెరుగుతుంది. ట్యాంకు పైభాగంనుండి తీసిన పెట్రోలులో ఈ పెరుగుదల బాగా తక్కువగా కనిపించినట్లయితే ఇథనాలు అప్పుడే అడుగునకు దిగిపోయినదన్నమాట.

పరీక్షలో చెడు తేలిన పెట్రోలుమీద కొత్త పెట్రోలు పోసి సరిపెట్టుకోవడం మన ఊళ్లలో సామాన్యంగా కనిపించే పద్ధతి. పొరలు విడిన తరువాత ఇది పనికిరాదు. అడుగునున్న నీరు కొత్త పెట్రోలులోని ఇథనాలును కూడ లాగుకొంటుంది. ట్యాంకును పూర్తిగా వంచి, ఆరబెట్టి, కొత్తది పోయడమొక్కటే మార్గం. తీసిన దానిని నదిలో గాని నేలమీద గాని పారబోయరాదు. స్టవ్వులలో, లాంతర్లలో అసలే వాడరాదు. మూత గల డబ్బాలో వేరుగా ఉంచి వర్క్‌షాపులో వ్యర్థనూనె సేకరించే వారికి అప్పగించాలి. మరొక హెచ్చరిక: పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది, పడవ అడుగున చేరి నిలిచి ఉంటుంది. ఈ పనులన్నీ పడవలో కాక ఒడ్డుమీద, ఆరుబయట, బీడీకి దీపానికి దూరంగా జరగాలి.

ఇంధనం మార్చిన తరువాత కూడ ఇంజను పలకకపోతే లోపం ట్యాంకు వైపునా, ఇంజను వైపునా అన్నది తేల్చుకోవాలి. దానికి ముందు మూడు చిన్న సంగతులు చూడడం మంచిది. నిపుణులు కూడ వీటివద్ద పొరపడుతుంటారు. అత్యవసర స్విచ్చుకు తగిలించే ఎర్రతాడు మీట తన స్థానంలో ఉండాలి. ట్యాంకు మూతమీది గాలి మర తెరచి ఉండాలి. గొట్టం నడుమ ఉండే రబ్బరు బుడ్డిమీది బాణం గుర్తు ఇంజను వైపు చూపాలి. బుడ్డిని బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకొని నొక్కితే కొన్ని నొక్కులకు అది గట్టిపడుతుంది. నొక్కిన బుడ్డి తిరిగి ఉబ్బకుండా చప్పిడిగా ఉండిపోయినట్లయితే ట్యాంకు వైపున ఏదో అడ్డు ఉన్నది: గాలి మర మూసి ఉండవచ్చు, పీల్చే గొట్టపు జల్లెడ పూడిపోయి ఉండవచ్చు. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి చొరబడుతున్నది, లేదా కార్బురేటరు గిన్నెలోని సూది మూసుకొనక పెట్రోలు పొంగిపోతున్నది. ఈ సందేహాలన్నిటినీ ఒక్కసారిగా తీర్చే ఉపాయం ఒకటున్నది. మంచి పెట్రోలు, నూనె కలిపిన చిన్న డబ్బాను వేరే గొట్టంతో ఇంజనుకు నేరుగా తగిలించి చూడడం. ఇంజను నడిస్తే దోషం ట్యాంకుదో గొట్టానిదో. నడవకపోతే కార్బురేటరు విప్పవలసిందే.

అంతకుముందు స్పార్క్ ప్లగ్గును తీసి చూడాలి. ప్లగ్గు మొన పొడిగా ఉంటే ఇంధనం సిలిండరును చేరడం లేదు. తడిగా ఉంటే చేరుతున్నది. అయితే చేరుతున్నది పెట్రోలో, నీరో వేలితో తడిమితే తెలుస్తుంది. పెట్రోలు చల్లగా తగిలి వెంటనే ఆరిపోతుంది, నీరు ముత్యాలవలె నిలుస్తుంది.

కార్బురేటరు గిన్నె అడుగున ఒక చిన్న మర ఉంటుంది. దానిని వదులు చేసి గిన్నెలోనిది సీసాలోనికి పట్టాలి. ఏమీ రాకపోతే సూది అంటుకొని ఉన్నది. తెల్లని సున్నం వంటి పొడి వస్తే నీరు చేరి అల్యూమినియంను తిన్నది. జెట్టులు పూడిపోవడంలో కూడ తేడాలు ఉన్నవి, అవి ఇంజను ప్రవర్తనలోనే తెలుస్తాయి. చోకు లాగి ఉంచినంతసేపే నడిచి, చోకు తీయగానే, లేక నెమ్మదించగానే ఆగిపోతే సన్న జెట్టు పూడినది. నెమ్మదిగా బాగానే నడిచి, వేగం ఇవ్వగానే గొంతు పట్టినట్లు నీరసిస్తే పెద్ద జెట్టునో, ఫిల్టరునో, పంపులోని రబ్బరు పొరనో అనుమానించాలి. పది నిమిషాలు నిక్షేపంగా నడిచి ఆగి, మూత వదులు చేయగానే మళ్లీ నడిస్తే గాలి రంధ్రం మూసుకొని ఉన్నది. నది నడుమ ఆగిపోయే పడవలలో ఈ చివరిది ఒక సామాన్య కారణం; ఖర్చు లేని మరమ్మతు కూడ.

జగదల్‌పూర్ మెకానిక్కు హిందీలో ‘కచరా ఆ గయా’ అన్నా, భద్రాచలం మెకానిక్కు ‘చెత్త పట్టింది’ అన్నా రోగం ఇదే. కోంటా బజారులో ఈ రెండు మాటలూ చెల్లుతాయి. శబరికి ఈవల ఛత్తీస్‌గఢ్, ఆవల ఒడిశాలోని మోటు, దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. గోండీ, దోర్లీ, హల్బీ, తెలుగు, ఒడియా మాట్లాడేవారు ఒకే రేవును పంచుకుంటున్నారు. అటువంటి చోట ఒక ఒడ్డున తెలిసిన పనితనం రెండవ ఒడ్డుకు చేరడానికి పాఠ్యపుస్తకం అక్కరలేదు, సీసాలో విడిన రెండు పొరలను చూపితే చాలు.

జెట్టును శుభ్రపరచడంలో ఒక జాగ్రత్త పాటించాలి. చేతికి దొరికిన ఇనుప తీగతోనో, గుండుసూదితోనో పొడిస్తే మెత్తని ఇత్తడి రంధ్రం పెద్దదవుతుంది. ఇక ఆ ఇంజను ఎన్నటికీ సరియైన పాళ్లలో పెట్రోలు తీసుకోదు. కార్బురేటరు ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి, అవసరమైతే చేపల వలకు వాడే సన్నని నైలాను దారంతో తుడవాలి. నదీతీరంలో ఆ దారానికి కరవు లేదు. సగం పూడిన జెట్టుతో ఇంజనును నడపడం కూడ తగదు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మంట పిస్టనును మామూలుకన్న ఎక్కువగా కాలుస్తుంది. మరమ్మతు అయిన తరువాత ఒడ్డున పరీక్షించేటప్పుడు మోటారు కింది భాగం నీటి డ్రమ్ములో మునిగి ఉండాలి. చల్లబరచే నీరు లేకుండా క్షణకాలం నడిపినా లోపలి రబ్బరు చక్రం మాడిపోతుంది.

డీజిలు ఇంజనుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గోదావరి లాంచీలలోనివి, పొలాలకు నీరుతోడే ఇంజనును బిగించుకున్న నాటుపడవలలోనివి ఈ కోవకు చెందుతాయి. డీజిలు ఆవిరైపోదు, జిగురు కూడ ఆలస్యంగా పుడుతుంది. కాని సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీరై అడుగున చేరుతుంది. ఆ నీరు, డీజిలు కలిసే చోట కంటికి కనబడని జీవులు పెరిగి నల్లని జిడ్డుగా తయారై ఫిల్టరును మూసివేస్తాయి. నీరు ఇంజెక్షను పంపు వరకు పోతే నునుపైన ఉక్కు భాగాలకు తుప్పుపట్టి ఖర్చు పెద్దదవుతుంది. కనుక ట్యాంకు అడుగు మర విప్పి శుభ్రమైన డీజిలు వచ్చేవరకు వదలడం మొదటి పని. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ గొట్టాలలో గాలి చేరుతుంది. ‘ఎయిర్ పట్టింది’ అని సరంగులు అనేది దీనినే. ఇంజను అందుకొని వెంటనే ఆగిపోవడం దీని లక్షణం. ఫిల్టరుమీది మరను వదులు చేసి, చేతి పంపు మీటను ఆడిస్తూ బుడగలు లేని డీజిలు వచ్చేవరకు వదలి, మర బిగించి, తరువాత పంపు వద్ద, చివరకు ఇంజెక్టరు వద్ద అదే విధంగా చేయాలి. ఈ వరుస తప్పితే గాలి మళ్లీ మళ్లీ మిగిలిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకు, నిలవ ఉంచేటప్పుడే జాగ్రత్త పడరాదా అన్న ప్రశ్న సహజం. ఏడాదిలో ఒక కాలమే పనిచేసే విహారపు పడవకు సమాధానం సులువు. చివరి దినాన ఇంజను నడుస్తుండగానే పెట్రోలు గొట్టం ఊడదీసి, కార్బురేటరులో ఉన్నది మండిపోయి దానంతట అది ఆగేవరకు ఉంచాలి. గిన్నె అడుగు మర తీసి మిగిలిన చుక్కలు వంచాలి. ట్యాంకును ఖాళీ చేసి, ఆరబెట్టి, మూత బిగించాలి. ప్లగ్గు రంధ్రంలో కొంచెం నూనె పోసి, తాడును మెల్లగా రెండుసార్లు లాగి, మోటారును నిలువుగా వేలాడదీయాలి. డీజిలు ట్యాంకుకు మాత్రం దీనికి విరుద్ధమైన సూత్రం: అది పడవలోనే కదలకుండా ఉంటుంది గనుక నిండుగా నింపి ఉంచితే చెమ్మ పట్టే ఖాళీ గోడ మిగలదు.

వరద పడవకు ఈ పద్ధతి పూర్తిగా వర్తించదు. అకాల వర్షానికి కూడ అది బయలుదేరవలసినదే గనుక ట్యాంకును ఆరబెట్టి కూర్చొనడం సాధ్యం కాదు. అక్కడ చేయదగినది పెట్రోలును నిలవ ఉండనీయకుండా తిప్పుతూ ఉండడం. పెట్రోలును, నూనెను వేరువేరు డబ్బాలలో ఉంచి, పడవ కదిలే రోజున కలుపుకోవాలి. 50కి 1 పాలు కోరే ఇంజనుకు 20 లీటర్లకు 400 మిల్లీలీటర్ల నూనె. పాత మోటార్లకు పాళ్లు వేరుగా ఉంటాయి గనుక ఇంజనుతో వచ్చిన పుస్తకం చూడాలి. నూనె కలపని పెట్రోలును నెలకొకసారి కార్యాలయపు జీపులోనో, మోటారు సైకిలులోనో పోసి వాడివేసి, డబ్బాలను కొత్త పెట్రోలుతో నింపితే ఒక్క లీటరు కూడ వృథా కాదు. ఒకసారి నూనె కలిపిన తరువాత మాత్రం దానిని జీపులో పోయరాదు. ముందే కలిపి ఉంచవద్దనడానికి కారణం ఇదే.

నెలకొకసారి మోటారును డ్రమ్ములో పదిహేను నిమిషాలు నడిపి చూడడం కూడ అవసరం. వానలు లేని మార్చిలో వరద పడవకు పెట్రోలు బిల్లు ఎందుకని లెక్కలు చూసేవారికి సందేహం కలుగవచ్చు. ఆ బిల్లు నెలకు రెండు మూడు లీటర్లకు మించదు. దానిని ఆదా చేసిన చోట జూలైలో మోటారు పలకక, అవతలి ఒడ్డువారు తెల్లవారేవరకు ఇంటికప్పుమీద కూర్చొనవలసి వస్తుంది. పెట్రోలు కొన్న తేదీని డబ్బామీద సుద్దతో కాక రంగుతో రాయాలి. సుద్ద చేతి తడికే చెరిగిపోతుంది. రబ్బరు గొట్టాన్ని, బుడ్డిని ఏడాదికొకసారి వంచి చూసి పగుళ్లుంటే మార్చాలి, కొత్తది కొనేటప్పుడు ఇథనాలును తట్టుకొనే రకమేనా అని అడగాలి. తొలకరికి రెండు వారాల ముందు, అనగా జూన్ మొదటి రోజులలో, ఒక సీసా, ఒక నీటి డ్రమ్ము, ఒక కొత్త ప్లగ్గు, రెండు మీటర్ల నైలాను దారం రేవు వద్దకు తెచ్చుకొని పని మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది.